పాట, బాట, మాట

ఏడో తరగతిలో వెనక బెంచీ పిల్లవాడొకడు లేచి నిలబడి ఏదో అడిగాడు. లెక్క అర్థం కాలేదంటున్నాడనుకుని, బోర్డు మీద దాన్ని మళ్ళీ మొదటి నుంచి చేసి చూపించాను. వాడు కూర్చోలేదు. ముందు వరసలోని అమ్మాయి నా దగ్గరకి వచ్చి, "టీచర్, వాడు లెక్క గురించి అడగట్లేదు. ఒంట్లో బాగోలేదు, ఇంటికి వెళ్తానంటున్నాడు" అని చెప్పింది. అప్పుడు వాడి ముఖం సరిగ్గా చూశాను. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. జ్వరంతో ఉన్న పిల్లవాణ్ణి అంతసేపు నిలబెట్టి నేను పాఠం చెప్పాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాడి గొంతు నాకు వినపడింది. వినపడలేదంటే అబద్ధం చెప్పినట్టే. గొంతు వినపడింది, మాట అందలేదు. ఈ రెండింటికీ ఉన్న తేడాని ఇంట్లోవాళ్ళకి, స్కూల్లోవాళ్ళకి, చివరికి నాకు నేను చెప్పుకోవడానికి కూడా చాలా ఏళ్ళు పట్టింది.

చెవుడంటే నిశ్శబ్దం అనుకుంటారు చాలామంది. నాకు నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. తలుపు చప్పుడు, బండి చప్పుడు, మనుషుల గొంతులు అన్నీ ఉండేవి. ఆడియోగ్రామ్ మొదటిసారి చేతికిచ్చినప్పుడు సంగతి తెలిసింది. ఆ కాగితం మీద ఎడమవైపు బొంగురు శబ్దాలు, కుడివైపు సన్నని శబ్దాలు ఉంటాయి. గీత ఎంత కిందికి దిగితే వినికిడి అంత పోయినట్టు. నా గీత ఎడమవైపు కాస్త పైనే మొదలై, మధ్యకి వచ్చేసరికి ఒక్కసారిగా కిందికి జారిపోయింది. మాటలో అచ్చులకి బలం ఎక్కువ, అవి చాలావరకు ఆ ఎడమవైపువి. స, శ, చ, త, క లాంటి హల్లులు సన్నగా, బలం తక్కువగా కుడివైపు ఉంటాయి. అందుకే ఎవరైనా 'సీత' అన్నా 'గీత' అన్నా నాకు దాదాపు ఒకేలా ఉండేది. మాట పెద్దగా వినపడటానికి అచ్చు కావాలి, ఏ మాటో తెలియడానికి హల్లు కావాలి. నాకు అచ్చులు మిగిలాయి, హల్లులు పోయాయి.

నాకు తెలియకుండానే పెదాలు చూసి అర్థం చేసుకోవడం అలవాటైంది. కానీ పెదాలు సగమే చెబుతాయి. అద్దం ముందు నిలబడి, గొంతు తీయకుండా పాట, బాట, మాట అని చూడండి. మూడింటికీ పెదాలు ఒకేలా మూసుకుని ఒకేలా తెరుచుకుంటాయి. 'కాలం', 'గాలం' సంగతి సరేసరి, అక్కడ పెదాలతో పనే లేదు. ఎదుటివాళ్ళు 'బాట' అన్నారో 'మాట' అన్నారో సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి. ఆ ఊహ సరైందో కాదో తేలేలోపు వాళ్ళు ఇంకో రెండు మాటలు అనేసి ఉంటారు. రోజంతా ఇదే పని. సాయంత్రానికి తల దిమ్మెక్కిపోయేది. ఇంటికొచ్చి చెవి మిషన్లు తీసేసి చీకట్లో పడుకునేదాన్ని. మావాళ్ళు అది కోపం అనుకునేవారు.

చెవి మిషన్లు పదకొండేళ్ళు వాడాను. మొదటి ఆరేడేళ్ళు అవి నాకు చాలా మేలు చేశాయి, ఉద్యోగం నిలబెట్టాయి. తర్వాత తర్వాత సౌండ్ ఎంత పెంచినా మాట తేటపడేది కాదు. ఎందుకో ఇప్పుడు తెలుసు. లోపలి చెవిలో కాక్లియా అని, నత్తగుల్లలా సుమారు రెండున్నర చుట్లు తిరిగిన సన్నని గొట్టం ఉంటుంది. అందులో ఉన్న ద్రవం కదిలితే, ఆ కదలికని రోమకణాలు పట్టుకుంటాయి. శ్రవణ నాడికి కబురు అందించే లోపలి వరస రోమకణాలు ఒక్కో చెవికి సుమారు 3,500 మాత్రమే. కంట్లో వెలుగుని పట్టే కణాలు కోట్లలో ఉంటే, చెవికి ఉన్నవి ఇన్నే. మనుషుల్లో అవి పోతే మళ్ళీ రావు. పక్షుల్లో మళ్ళీ పుడతాయని 1980ల్లో కనిపెట్టారు, అప్పటి నుంచి మనలో ఎందుకు పుట్టవు అనే ప్రశ్న మీద పని జరుగుతూనే ఉంది. గొట్టం మొదట్లో ఉన్నవి సన్నని శబ్దాలకి, లోపలి చివర ఉన్నవి బొంగురు శబ్దాలకి పనిచేస్తాయి. నాకు మొదట్లోవి చచ్చిపోయాయి. మిషన్ శబ్దాన్ని పెంచి పంపుతుంది, కానీ అక్కడ అందుకునే కణమే లేనప్పుడు ఎంత గట్టిగా పంపినా లాభం లేదు.

ఈ సంగతి నాకు మిషన్లు అమ్మినచోట ఎవరూ చెప్పలేదు. వెళ్ళిన ప్రతిసారీ ఇంకాస్త పవర్ ఉన్నది చూపించేవారు. ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే ఇంప్లాంట్ అనే మాట ఒక్కసారి కూడా రాలేదు. అలా పోయిన నాలుగేళ్ళు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మిషన్ పెట్టుకుని కూడా ఎదురుగా కూర్చున్న మనిషి మాట పెదాలు చూడకుండా అందట్లేదంటే, మిషన్ మార్చే ముందు ఇంప్లాంట్ పరీక్ష ఒకసారి చేయించుకోండి. నేను ఈ అనుభవం రాయడానికి సగం కారణం ఇదే.

జ్వరం పిల్లవాడి సంఘటన తర్వాత మా అక్క నన్ను వేరే ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణురాలు) దగ్గరకి తీసుకెళ్ళింది. ఆవిడ బీప్ శబ్దాలతో ఆపలేదు. రెండు చెవులకీ మిషన్లు పెట్టి, స్పీకర్లోంచి వాక్యాలు వినిపించి, విన్నది విన్నట్టు చెప్పమన్నారు. చూడటానికి పెదాలు లేవు. నూటికి ఇరవై ఎనిమిది మాటలు చెప్పగలిగాను. అందులోనూ కొన్ని ఊహించి చెప్పినవేనని నాకు తెలుసు. ఆవిడ కాగితం నా వైపు తిప్పి, "ఇన్నాళ్ళూ ఇంత తక్కువతో క్లాసు ఎలా నడిపారమ్మా?" అన్నారు. ఏడుపొచ్చింది. నా కష్టాన్ని ఒక అంకెగా చూసిన మొదటి మనిషి ఆవిడే.

కాక్లియర్ ఇంప్లాంట్ అంటే చెవి మిషన్ లాంటిది కాదని ఆవిడే వివరించారు. అది శబ్దాన్ని పెంచదు. చెవి వెనక పెట్టుకునే ప్రాసెసర్ శబ్దాన్ని బొంగురు నుంచి సన్నని వరకు భాగాలుగా విడదీస్తుంది. చర్మం మీద అయస్కాంతంతో అతుక్కునే కాయిల్ ఆ సమాచారాన్ని రేడియో తరంగాలతో లోపలికి పంపుతుంది. లోపల అమర్చిన పరికరం నుంచి సన్నని తీగ ఒకటి కాక్లియాలోకి వెళ్తుంది. దాని మీద వరసగా ఎలక్ట్రోడ్లు ఉంటాయి. నా దానికి 22, వేరే కంపెనీల వాటికి 12, 16 కూడా ఉంటాయి. చచ్చిపోయిన రోమకణాల్ని దాటేసి, ఆ ఎలక్ట్రోడ్లు నాడిని నేరుగా కరెంటుతో తడతాయి.

తలలో ఆపరేషన్ అనగానే ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. నాకు భయం వేస్తే చదవడం అలవాటు. పారిస్‌లో 1957లో జూర్నో, ఎయిరిస్ అనే ఇద్దరు వినికిడి లేని ఒక మనిషి శ్రవణ నాడి దగ్గర తీగ పెట్టి కరెంటు పంపితే, అతనికి శబ్దం తెలిసింది. 1961లో అమెరికాలో విలియం హౌస్ అనే డాక్టరు ఇంప్లాంట్లు పెట్టడం మొదలుపెట్టారు. ఒకే ఎలక్ట్రోడ్ ఉన్న పరికరాలతో లయ, చప్పుడు తెలిసేవి కానీ పెదాలు చూడకుండా మాట అందడం చాలా కష్టం. వియన్నాలో ఇంగెబోర్గ్, ఎర్విన్ హోక్‌మయర్ దంపతులు 1977లో, మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ 1978లో తమ తమ ఎక్కువ ఎలక్ట్రోడ్ల పరికరాల్ని మనుషుల్లోకి తెచ్చారు. క్లార్క్ తండ్రికి చెవుడు. మందుల షాపులో కస్టమర్లు చెప్పేది వినపడక ఆయన పడే ఇబ్బందిని చిన్నప్పుడే చూశానని క్లార్క్ చెప్పుకున్నారు. తీగని ఆ మెలికల గొట్టంలోకి దెబ్బ తగలకుండా ఎలా పంపాలో తెలియక, సముద్రపు ఒడ్డున ఒక గవ్వలోకి గడ్డిపోచ దూర్చి చూశారట.  ముందు కొన మెత్తగా, వెనక్కి వచ్చేకొద్దీ గట్టిగా ఉన్న పోచ లోపలికి బాగా వెళ్ళింది. అది చదివాక నాకు ఆపరేషన్ అంటే ఉన్న భయం చాలావరకు తగ్గింది. ఇంత శ్రద్ధగా ఆలోచించిన మనుషుల చేతుల్లోంచి వచ్చిన వస్తువు కదా అనిపించింది.

తగ్గని భయం ఇంకొకటి ఉంది. ఆపరేషన్ చేసే చెవిలో మిగిలి ఉన్న కాస్త సహజమైన వినికిడి కూడా పోవచ్చు. పోకుండా ఉండేందుకు ఇప్పుడు మెత్తని తీగలు, జాగ్రత్త పద్ధతులు ఉన్నాయి కానీ పోదని ఎవరూ మాటివ్వలేరు. నా కొడుకు గొంతులో మిగిలిన అచ్చుల కోసం నేను మూడు నెలలు నిర్ణయం వాయిదా వేశాను. బయటి నుంచి చూసేవాళ్ళకి ఇది తెలివితక్కువగా కనపడచ్చు. ఇరవై ఎనిమిది మార్కులే అయినా అవి నా సొంత చెవివి. చివరికి ఎక్కువ పాడైన ఎడమ చెవికి ఇంప్లాంట్, కుడి చెవికి మిషన్ అనే ఏర్పాటుకి ఒప్పుకున్నాను.

సీటీ, ఎమ్మారై తీశారు. కాక్లియా ఆకారం బాగుందా, నాడి ఉందా అని చూడటానికి అవి. మెనింజైటిస్ (మెదడు పొరలకి సోకే జబ్బు) రాకుండా న్యూమోకోకల్ టీకా వేశారు. ఆపరేషన్ రెండున్నర గంటలు పట్టింది. రెండు రోజులు తల తిరిగింది, నాలుక మీద ఒక పక్క రుచి కొన్ని వారాలు సరిగ్గా తెలియలేదు, తర్వాత సర్దుకుంది. అంతకన్నా చెప్పుకోవాల్సింది ఏమీ లేదు.

మూడు వారాలకి స్విచ్ ఆన్. వీడియోల్లో ఆ క్షణం చూసి ఉంటారు, అందరూ ఆనందంతో ఏడుస్తారు. నాకు అలా జరగలేదు, జరగనివాళ్ళు చాలామంది ఉంటారని చెప్పడం అవసరం. ముందు ఒక్కో ఎలక్ట్రోడ్‌కీ అతి తక్కువగా ఎంత తెలుస్తుంది, ఇబ్బంది లేకుండా ఎంత దాకా భరించగలను అని కొలిచారు. దీన్నే మ్యాపింగ్ అంటారు. తర్వాత మైకు తెరిచారు. ఆడియాలజిస్ట్ పెదాలు కదులుతున్నాయి, నాకు మాత్రం రేకు మీద గులకరాళ్ళు పోసినట్టు టకటకలు. మా ఆయన మాట్లాడారు, అవే టకటకలు. బాబు "అమ్మా" అన్నాడు. పెదాలు చూశాను కాబట్టి 'అమ్మా' అని తెలిసింది. కళ్ళు మూసుకుంటే అది మనిషి గొంతని కూడా చెప్పలేను. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వోల్టా అనే శాస్త్రవేత్త తన చెవుల్లో కడ్డీలు పెట్టుకుని కరెంటు పంపుకుంటే, చిక్కని ద్రవమేదో కుతకుత ఉడుకుతున్న చప్పుడు వినిపించిందట. ఆ మాట చదివినప్పుడు నా మొదటి రోజే గుర్తొచ్చింది.

కారులో ఇంటికి వస్తుంటే ఎవరం మాట్లాడలేదు. మిగిలిన అచ్చులు కూడా పోగొట్టుకున్నానని నాకు అనిపించింది.

తొమ్మిదో రోజు, గిన్నెలు కడుగుతుంటే నీళ్ళ చప్పుడు నీళ్ళ చప్పుడులా వినపడింది. టకటకలు కాదు, నీళ్ళు. కుళాయి కట్టేసి మళ్ళీ తిప్పాను. నాలుగైదు సార్లు అలా చేసి ఉంటాను. పరికరంలో ఏమీ మారలేదు, ఆ వారం మ్యాపింగ్ కూడా లేదు. మారింది నా మెదడు. రెండు వారాలకి మనుషుల గొంతులు వచ్చాయి, కానీ అందరివీ ఒకేలా, కార్టూన్ బొమ్మలు మాట్లాడినట్టు. ఆరు వారాలకి మా ఆయన గొంతు ఆయన గొంతులా అయింది. రోజూ రాత్రి బాబు తన పాఠ్యపుస్తకంలోంచి ఒక పేజీ చదివేవాడు, నేను అదే పేజీ మీద వేలు పెట్టి వెంట వెళ్ళేదాన్ని. తర్వాత పుస్తకం మూసి వినేదాన్ని. ఆ తర్వాత వాడు తప్పులు కలిపి చదివేవాడు, నేను పట్టుకోవాలి. ఏ శిక్షణా నాకు దీనంత పనిచేయలేదు. ఆరు నెలలకి నిశ్శబ్దంగా ఉన్న గదిలో వాక్యాల పరీక్షలో డెబ్బై నాలుగు వచ్చాయి.

అక్కడ ఆగిపోయాను. గదిలో ఒక్కరుంటే బాగుంది, నలుగురు చేరితే పాత కథే. స్టాఫ్ రూములో, పెళ్ళిళ్ళలో, క్లాసులో పిల్లలందరూ ఒకేసారి మాట్లాడితే మళ్ళీ గొంతులు వినపడేవి, మాటలు అందేవి కావు. "ఇంత ఖర్చుపెట్టి ఆపరేషన్ చేయించుకున్నావు, ఇంకా వినపడట్లేదా?" అని బంధువులు అడిగేవారు. వాళ్ళు బాధతోనే అడిగారు, కానీ నాకు అది నా తప్పులా తగిలేది. నేను శిక్షణకి వెళ్ళినచోట పెదాలు చూడటం బలహీనత అన్నారు, చూస్తున్నంతకాలం చెవి పనిచేయడం నేర్చుకోదన్నారు. అందుకని మనుషుల ముఖాలు చూడకుండా తల దించుకుని వినడానికి ప్రయత్నించేదాన్ని. అలా ఏడాదికి పైగా నన్ను నేను తిట్టుకుంటూ గడిపాను.

ఆ టైములో ఆడియాలజిస్ట్ గోడ మీద ఒక కాగితం చూశాను. పెద్దవయసులో వినికిడి పోయి ఇంప్లాంట్ పెట్టించుకున్నవాళ్ళు కావాలి, గోలలో మాట వినడం మీద పరిశోధన అని ఉంది. నాకు సైన్సు మీద ప్రేమతో వెళ్ళలేదు. నా తప్పేంటో ఎవరైనా చెబుతారేమోనని వెళ్ళాను.

మొదటి రోజు అంగీకార పత్రం చదివించారు. దీనివల్ల నాకు నేరుగా లాభం ఉండకపోవచ్చని, ఎప్పుడైనా కారణం చెప్పకుండా మానేయచ్చని, మానేసినా నా వైద్యానికి ఇబ్బంది ఉండదని అందులో రాసి ఉంది. పరిశోధకురాలు చిన్నమ్మాయి, మాట్లాడేటప్పుడు ప్రతిసారీ నా వైపు తిరిగి, ఒక్క క్షణం ఆగి మొదలుపెట్టేది. ఆ ఒక్క అలవాటుకే నేను ఆ అమ్మాయికి రుణపడి ఉన్నాను.

శబ్దం బయటికి పోని, లోపలికి రాని గదిలో కూర్చోబెట్టారు. స్పీకర్లోంచి ఒక వాక్యం, దాని కింద జనం మాట్లాడుకుంటున్న గోల. వాక్యం సరిగ్గా చెబితే గోల పెరుగుతుంది, తప్పు చెబితే తగ్గుతుంది. ఇలా పైకీ కిందికీ పోయి, సగం మాటలు అందే చోట ఆగుతుంది. మామూలు చెవికి గోల మాట కన్నా కొన్ని డెసిబెల్స్ ఎక్కువున్నా సగం అందుతుంది. నాకు మాటే గోల కన్నా ఏడు డెసిబెల్స్ ఎక్కువ ఉండాల్సి వచ్చింది. "నేను సరిగ్గా శ్రద్ధ పెట్టట్లేదా?" అని అడిగాను. ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది. ఇంకో పరీక్ష ఉంది, అది అయ్యాక చెబుతానంది.

ఆ రెండో పరీక్షలో గడ్డం ఒక స్టాండ్ మీద ఆనించి, కెమెరా వైపు చూస్తూ వినాలి. చెవి పరీక్షకి కంటి కెమెరా ఎందుకో అర్థం కాలేదు. బుర్ర ఎక్కువ కష్టపడుతున్నప్పుడు కంటిపాప కొద్దిగా పెద్దదవుతుందని, ఆ సంగతి 1960ల నుంచే తెలుసని, వినడానికి పడే శ్రమని దాంతో కొలుస్తారని తర్వాత చెప్పింది. నా గీతలు తెర మీద చూపించింది. నిశ్శబ్దంలో నేను తొంభై శాతం సరిగ్గా చెప్పిన వాక్యాల దగ్గర కూడా కంటిపాప బాగా విప్పారి ఉంది, వాక్యం అయిపోయాక కూడా వెంటనే తగ్గలేదు. అంటే మార్కులు బాగా వచ్చినప్పుడు కూడా నేను చాలా కష్టపడుతున్నాను. విన్న మాటని లోపల మళ్ళీ కూడగట్టుకుంటున్నాను. "మీరు శ్రద్ధ పెట్టకపోవడం కాదు, అందరికన్నా ఎక్కువ పెడుతున్నారు" అంది ఆ అమ్మాయి.

సాయంత్రాలు చీకట్లో పడుకున్న ఆ రోజులన్నీ నాకు అప్పుడు గుర్తొచ్చాయి. ఆ గీతల ప్రింటు ఒకటి అడిగి తెచ్చుకున్నాను, ఇంకా నా బీరువాలో ఉంది.

మిగతాది తర్వాతి సెషన్లలో కొంచెం కొంచెంగా తెలిసింది. 22 ఎలక్ట్రోడ్లు ఉన్నాయంటే 22 వేరు వేరు శబ్దాలు నాడికి అందుతున్నట్టు కాదు. కాక్లియా నిండా ఉన్నది ఉప్పు ద్రవం, అందులో కరెంటు ఒకచోట నిలబడదు, పక్కకి పాకుతుంది. పక్కపక్క ఎలక్ట్రోడ్లు దాదాపు ఒకే నాడీతంతువుల్ని తడతాయి. 2001లో వచ్చిన ఒక పరిశోధనలో ఎలక్ట్రోడ్లు పెంచుకుంటూ పోతే మాట అర్థం కావడం సుమారు ఎనిమిది దాకా మెరుగై, ఆ తర్వాత పెద్దగా పెరగలేదు. నిశ్శబ్దంలో మాటకి అంత కూడా అక్కర్లేదు. 1995లో మామూలు చెవులున్నవాళ్ళకి మాటలోని శబ్దాన్ని బొంగురు నుంచి సన్నని వరకు నాలుగే భాగాలుగా చేసి వినిపిస్తే, కొంచెం అలవాటయ్యాక దాదాపు మొత్తం చెప్పేశారు. నాలుగుతోనే మాట నడుస్తుంది. గోలలోంచి ఒక గొంతుని విడదీయాలంటే మాత్రం చాలా కావాలి. నేను ఆగిపోయిన చోటు అదే. అది నా సోమరితనం కాదు, ద్రవంలో కరెంటు పాకే తీరు.

నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది హల్లుల పరీక్ష. తెర మీద అక్షరాలు, వినిపించినదాన్ని నొక్కాలి. ఫలితాలు చూపించినప్పుడు నేను టీచర్నయి ఉండి కూడా ఎప్పుడూ ఆలోచించని సంగతి బయటపడింది. పరుషాలకీ సరళాలకీ తేడా, అంటే ప కీ బ కీ, క కీ గ కీ తేడా నేను బాగానే పట్టుకుంటున్నాను. మ, న లాంటి అనునాసికాలు కూడా. ఆ తేడాలు ఎక్కువగా శబ్దం ఎప్పుడు మొదలైంది, ఎంత బలంగా ఉంది అన్నవాటిలో ఉంటాయి, ఇంప్లాంట్ వాటిని బాగా మోస్తుంది. తప్పులన్నీ ఇంకోచోట. ప, త, క. 'పాలు', 'కాలు', 'తాలు'. నోట్లో ఎక్కడ పుట్టిందన్న తేడా శబ్దంలో సన్నని వివరాల్లో ఉంటుంది, పాకే కరెంటు ఆ వివరాల్నే చెరిపేస్తుంది.

ఇప్పుడు అద్దం ముందుకి మళ్ళీ రండి. పాట, బాట, మాట పెదాల మీద ఒకటే, కానీ నా ఇంప్లాంట్ వాటిని విడదీస్తుంది. పాలు, కాలు ఇంప్లాంట్‌కి కష్టం, కానీ ప కి పెదాలు మూసుకుంటాయి, క కి మూసుకోవు. ఒకటి వదిలేసిన సగాన్ని రెండోది ఇస్తోంది. మామూలుగా వినేవాళ్ళ మెదడు కూడా కంటినీ చెవినీ కలిపే వింటుందని 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ చూపించారు. 'బ' శబ్దానికి 'గ' అంటున్న ముఖం జోడిస్తే చాలామందికి 'ద' వినపడింది. అందరూ చేసే పనిని నేను చేస్తే బలహీనత ఎలా అవుతుంది? రోజులో అరగంట సాధన పేరుతో ముఖం చూడకుండా వినడం మంచిదే, ఆ శిక్షణకి విలువ ఉంది. బతకడానికి మాత్రం రెండూ కావాలి. ఆ రోజు నుంచి తల దించుకుని వినడం మానేశాను.

ఒక సెషన్‌కి మా ఆయన్ని కూడా రమ్మన్నారు. మాటని ఎనిమిది భాగాలుగా చేసి హెడ్‌ఫోన్లలో ఆయనకి వినిపించారు. ఒక చెవి బాగా వినపడి రెండో చెవికి ఇంప్లాంట్ ఉన్నవాళ్ళని అడిగితే ఇది అచ్చంగా అలాగే ఉండదని చెబుతారని, కానీ కష్టం ఎలాంటిదో తెలుస్తుందని ఆ అమ్మాయి ముందే చెప్పింది. మొదటి నాలుగు వాక్యాలు ఆయన తేలిగ్గానే చెప్పారు. తర్వాత గోల కలిపారు. ఆయన ముందుకి వంగారు. కళ్ళు చిట్లించారు. పన్నెండు వాక్యాలయ్యాక హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, కాసేపు వాటి వైపే చూస్తూ కూర్చున్నారు. "రోజంతా ఇలాగేనా?" అన్నారు. అవునన్నాను.

అప్పటి నుంచి ఆయన పక్క గదిలోంచి నన్ను పిలవడం మానేశారు. లేచి వచ్చి, నాకు కనపడేలా నిలబడి మాట్లాడతారు. పెళ్ళిలో కూర్చోవాల్సి వస్తే వెనక గోడ ఉన్న కుర్చీ చూసి నన్ను అక్కడ కూర్చోబెట్టి, తాను నా ఎడమ పక్కకి వస్తారు. స్కూల్లో నేను చిన్న వైర్‌లెస్ మైకు అడిగి తీసుకున్నాను. ప్రశ్న అడిగే పిల్లవాడు ఆ మైకు చేత్తో పట్టుకుని మాట్లాడతాడు, గొంతు నేరుగా నా ప్రాసెసర్‌కి వస్తుంది. మైకు మాట పుట్టేచోట ఉంటే గోల దానంతటదే వెనకబడుతుంది. ఇంత తేలికైన సాయం గురించి నాకు ఎవరూ మొదట్లోనే ఎందుకు చెప్పలేదో!

పుట్టుకతో వినికిడి లేని పిల్లల తల్లిదండ్రులు కొందరు ఇప్పుడు నన్ను సలహా అడుగుతున్నారు. నా అనుభవం వాళ్ళకి సగమే పనికొస్తుంది. నేను మాటలు నేర్చాక వినికిడి పోగొట్టుకున్నాను, నా మెదడులో తెలుగు ముందే ఉంది. పసిపిల్లల మెదడులో వినే భాగానికి ఒక గడువు ఉంటుంది. మూడున్నరేళ్ళ లోపు ఇంప్లాంట్ పెట్టిన పిల్లల్లో అది మామూలుగా ఎదుగుతుందని, ఏడేళ్ళు దాటితే చాలా కష్టమని పరిశోధకురాలు అనూ శర్మ బృందం 2002లో చూపించింది. అందుకే పరీక్షలు ఆలస్యం చేయొద్దంటాను. దాంతోపాటు, సైగల భాష నేర్పితే మాట రాదనే భయం వద్దని కూడా అంటాను. బధిర విద్యలో సైగల భాష వద్దని 1880లో ఇటలీలోని మిలాన్‌లో జరిగిన అంతర్జాతీయ బధిర విద్యా సభ తీర్మానించింది. దాన్ని తప్పని ఒప్పుకోవడానికి 2010 వాంకూవర్ సభ దాకా పట్టింది. ఈ మధ్యలో ఎన్ని తరాల పిల్లల చేతులు కట్టేశారో తలుచుకుంటే బాధేస్తుంది. బ్యాటరీ అయిపోతే నా ప్రాసెసర్ ఆగిపోతుంది. చేతులు ఆగవు. నేనూ ఇప్పుడు నేర్చుకుంటున్నాను.

కొత్తగా వస్తున్నవాటి గురించీ అడుగుతారు. ఓటోఫెర్లిన్ అనే ఒక్క జన్యువులో లోపంతో పుట్టిన పిల్లలకి జన్యు చికిత్సతో వినికిడి వచ్చిందని 2024లో ప్రచురించారు. ఆ వార్త చదివి నేను చాలాసేపు అలా కూర్చుండిపోయాను. కానీ అది ఆ జన్యువులో లోపం ఉన్నవాళ్ళకే, అక్కడ రోమకణాలు బతికే ఉంటాయి, కబురు మాత్రం నాడికి దాటదు. నాలాంటివాళ్ళకి కణాలే లేవు. జర్మనీలోని గోటింగెన్‌లో టోబియాస్ మోజర్ బృందం కరెంటుకి బదులు వెలుగుతో నాడిని తట్టే ఇంప్లాంట్ మీద జంతువుల్లో పనిచేస్తోంది. వెలుగు కరెంటంతగా ద్రవంలో పాకదు, కాబట్టి వివరాలు అంతగా చెరిగిపోవు. నాకు ఎక్కువ ఆశ దాని మీదే. అది మనుషుల చెవుల్లోకి వచ్చేదాకా నేను చేయగలిగింది, పిలిచినప్పుడల్లా వెళ్ళి ఆ గదిలో కూర్చోవడం.

పోయిన నెల మొదటి విడత అయిపోయింది. గోలలో నా అంకె ఏడు నుంచి నాలుగుకి దిగింది. చివర్లో ఆ అమ్మాయి ఒక ఫారం ఇచ్చింది. అందులో ఆఖరి ప్రశ్న, మేము ఇంకా దేని మీద పనిచేయాలని మీరు కోరుకుంటున్నారు అని. నేను సంగీతం అని రాయబోయి ఆగాను. మా బాబుకి ఇప్పుడు పదమూడేళ్ళు. వాడు పక్క గదిలోంచి "సరేలే అమ్మా" అంటాడు. మాట మొత్తం అందుతుంది. అది నవ్వుతూ అన్నాడో, చిరాకుతో అన్నాడో, బాధపడి అన్నాడో తెలియదు. గొంతు ఎక్కడ పైకి లేచిందో, ఎక్కడ కిందికి దిగిందో నా ఎలక్ట్రోడ్లు మోయలేకపోతున్నాయి. ప్రతిసారీ లేచి వెళ్ళి వాడి ముఖం చూసి రావాలి. అదే రాశాను.

ఆ అమ్మాయి చదివి, తలెత్తి నా వైపు తిరిగి, ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగింది. వాళ్ళ రెండో విడత గొంతులో భావం గుర్తుపట్టడం మీదేనట. వచ్చే నెల పద్నాలుగున రమ్మంది. బాబు గొంతు కూడా రికార్డు చేయొచ్చా అని అడిగింది.

ఇంటికొచ్చి వాణ్ణి అడిగాను. "సరేలే అమ్మా" అన్నాడు. ఈసారి ఎదురుగానే ఉన్నాడు, నవ్వుతున్నాడు.